బ్రూనో కేసు: ఆయుష్షు మాత్ర అడిగారు, కాటా కొనమన్నాను

లాబ్రడార్, మగ, న్యూటర్ అయిపోయింది, 9 ఏళ్లు నిండాయి, బరువు 42.6 కిలోలు. 2023 డిసెంబర్ రెండో వారంలో మా క్లినిక్‌కి వచ్చినప్పుడు కార్డు మీద ఇంతవరకూ రాసేశాను గానీ "వచ్చిన కారణం" అన్న గడి దగ్గర ఏం రాయాలో తెలీక కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నా. జ్వరం లేదు, వాంతులు లేవు, కుంటడం లేదు (అని వాళ్లన్నారు, కుంటుతున్నాడు, అది తర్వాత చెప్తా). ఎంవీపీ కాలనీలో సొంతిల్లు, అంకుల్ పోర్టులో చేసి రిటైరయ్యారు, ఆయన చొక్కా జేబులోంచి ఒక స్ట్రిప్ తీసి టేబుల్ మీద పెట్టి "డాక్టర్ గారూ, ఇది వీడికి ఎన్ని వెయ్యాలో చెప్పండి చాలు" అన్నారు. చూస్తే సిరోలిమస్. కిడ్నీ మార్చుకున్నవాళ్లు వేసుకునే మందు.

వాళ్ల అనుమతితోనే రాస్తున్నా, కుక్క పేరు మాత్రం మార్చాను. కుర్ర డాక్టర్లు కూడా ఇది చదువుతారు కాబట్టి నేను చేసిన తప్పు కూడా దాచకుండా రాస్తా.

విషయం ఏంటంటే వాళ్లమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఆ నవంబర్‌లో అక్కడి పేపర్ల నిండా కుక్కల ఆయుష్షు పెంచే మందు వార్తే, లాయల్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో కంపెనీ వాళ్ల లాయ్-001 అనే ఇంజెక్షన్ పెద్ద జాతి కుక్కల్లో పని చేస్తుందని ఆశించొచ్చు అని అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అది అమ్మకానికి పర్మిషన్ కాదు, భద్రత సంగతి, తయారీ సంగతి వేరేగా చూపించాలి, ఇంకా మార్కెట్‌లోకే రాలేదు. దొరకని దాని కోసం వెతుకుతుంటే ఆ అమ్మాయికి దొరికే మందు ఒకటి కనపడింది, రాపమైసిన్. దానికే ఇంకో పేరు సిరోలిమస్. నాన్నకి వాట్సాప్ చేసింది, నాన్న తెలిసిన మెడికల్ షాపులో పట్టుకొచ్చేశారు. చీటీ ఎవరిచ్చారని నేను అడగలేదు, అడిగితే ఇంకెవరి పేరో వస్తుంది.

ఆయన్ని తీసిపారేసినట్టు మాట్లాడాలనిపించలేదు, ఎందుకంటే ఆ అమ్మాయి చదివింది చెత్త కాదు. రాపమైసిన్ కథ నిజంగానే బావుంటుంది. 1964లో కెనడా నుంచి వెళ్లిన ఒక బృందం ఈస్టర్ ఐలాండ్ మట్టి తెచ్చింది, ఆ మట్టిలో ఉన్న సూక్ష్మజీవి నుంచి మాంట్రియల్‌లో సురేన్ సెహగల్ అనే మన భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త టీం ఈ పదార్థాన్ని వేరు చేసింది, ఆ దీవిని అక్కడివాళ్లు రాపా నుయ్ అంటారు కాబట్టి రాపమైసిన్. మధ్యలో కంపెనీ ఆ ల్యాబ్ మూసేస్తే ఆయన ఆ జీవిని ఇంటి ఫ్రీజర్‌లో దాచుకున్నాడు. 1999లో కిడ్నీ మార్పిడికి మందుగా వచ్చింది, 2009లో 600 రోజుల వయసు, అంటే మన లెక్కలో అరవై దగ్గర పడ్డ ఎలుకలకి పెడితే అవి కూడా ఎక్కువ కాలం బతికాయి. కుక్కల్లో 2017లో 24 కుక్కల మీద 10 వారాలు చిన్న ట్రయల్ జరిగింది, గుండె పని తీరులో కొంచెం మెరుగు కనపడింది. ఇప్పుడు డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్ వాళ్లు ట్రయాడ్ అని పెద్ద ట్రయల్ నడుపుతున్నారు, 580 కుక్కలు లక్ష్యం, సగం వాటికి మందు సగం వాటికి ఉత్తి మాత్ర, ఎవరికి ఏది వెళ్తోందో ఓనర్‌కీ తెలీదు డాక్టర్‌కీ తెలీదు. ఆయుష్షు పెరిగిందా లేదా అన్నది వాళ్లకే ఇంకా తేలలేదు.

ఇదంతా చెప్పాక అంకుల్ అడిగిన ప్రశ్న కరెక్టే, "అక్కడ కుక్కలకి ఇస్తున్నారుగా, వీడికిస్తే ఏం పోద్ది?"

పోయేదేంటో వాడి చెవిలోనే ఉంది. ఎడమ చెవి మడత తిప్పి చూపించాను, రెండు పిడుదులు, ఒకటి రక్తం తాగి చిక్కుడు గింజంత అయ్యింది. విశాఖలో ఉక్కపోత మీకు తెలిసిందే, పిడుదులకి ఏడాదంతా సీజనే, టిక్ ఫీవర్ లేని వారం మా క్లినిక్‌లో ఉండదు. సిరోలిమస్ అసలు పనే రోగనిరోధక శక్తిని అణచడం. ట్రయల్ వాళ్లు తక్కువ డోసు లెక్క కట్టి, రక్తం మాటిమాటికీ చూసుకుంటూ, ఏ కుక్క పనికొస్తుందో ఏది రాదో వడకట్టి ఇస్తారు. మనం పిడుదులున్న కుక్కకి మనిషి స్ట్రిప్‌లోంచి అంచనాగా వెయ్యడం దానికీ దీనికీ పోలికే లేదు. రక్తం తీశాం. ప్లేట్‌లెట్లు 1 లక్షా 10 వేలు, కనీసం 2 లక్షల దగ్గర ఉండాలి. టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీషియా కిట్ పాజిటివ్. కిట్ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు తగిలిందని మాత్రమే అర్థం, కానీ ప్లేట్‌లెట్లు కూడా పడ్డాయి, చిగుళ్ల మీద ఒకటి రెండు ఎర్ర చుక్కలున్నాయి కాబట్టి ట్రీట్ చెయ్యడానికే నిర్ణయించుకున్నా. ఆ రిపోర్ట్ చూశాక స్ట్రిప్ ఆయనే నా వైపు తోశారు, "మీ దగ్గరే ఉంచండి" అని.

ఇక ఒళ్లు చూద్దాం. బరువు బావుందో లేదో చూడ్డానికి నేను ఇంట్లోవాళ్లకి నేర్పే పద్ధతి ఒకటుంది, మీ చెయ్యి బోర్లా చాపి వేళ్ల మొదట్లో కణుపుల మీద రెండో చేత్తో రుద్దండి, ఎముక తగులుతుంది కదా, పక్కటెముకలు అలా తగలాలి. అదే చెయ్యి తిప్పి అరచెయ్యి రుద్దితే మెత్తగా ఉంటుంది చూశారా, బ్రూనో అలా ఉన్నాడు, పైగా గట్టిగా నొక్కితే తప్ప ఎముక జాడ లేదు. మా కొలతలో 9 అంటే మరీ లావు, 4-5 అంటే సరైన ఒళ్లు, వాడికి 9లో 8 ఇచ్చాను. పైనించి చూస్తే నడుమే లేదు, గ్యాస్ సిలిండర్ అడ్డంగా పెట్టినట్టు ఉన్నాడు. కుర్చీ దగ్గర్నించి తలుపు దాకా నడిపిస్తే వెనక కుడి కాలు మీద బరువు మోపట్లేదు, "ముసలాడయ్యాడు కదా, నెమ్మదించాడు" అన్నారు ఆంటీ. ఈ మాట నేను రోజూ వింటా. ఎక్స్‌రేలో రెండు మోకాళ్లూ అరిగి ఉన్నాయి, అది నెమ్మదించడం కాదు, నొప్పి. పళ్లు కూడా అధ్వాన్నం, పై దవడ పెద్ద పన్ను చుట్టూ గార కట్టి చిగురు కిందకి జారిపోయింది, నోరు తెరిస్తే పక్కన కూర్చున్న మా కాంపౌండర్ లేచి వెళ్లిపోయాడు. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ 1.2, బావుంది.

అంకుల్ అప్పటికీ వదల్లేదు, "అయితే ఆయుష్షుకి ఏమీ లేదా?" అన్నారు. ఉందన్నాను. కుక్కల్లో ఆయుష్షు పెరిగిందని జీవితాంతం గమనించి చూపించిన స్టడీ ఒకటుంది, అది కూడా లాబ్రడార్ల మీదే. ప్యూరినా వాళ్లు 1987లో 48 లాబ్రడార్ పిల్లల్ని జతలు కట్టారు, ఒకే ఈతలో పుట్టినవి, జతలో ఒకటి ఎంత తింటే రెండోదానికి దానికన్నా 25 శాతం తక్కువ. అలా చివరి కుక్క పోయేదాకా చూశారు, 2002లో అచ్చేశారు. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్లు, మామూలుగా తిన్నవి 11.2 ఏళ్లు. నాకు ఆ 1.8 ఏళ్ల కన్నా ఇంకో అంకె ఎక్కువ ముఖ్యం, మామూలుగా తిన్నవాటిలో సగానికి 10 ఏళ్లు దాటగానే కీళ్ల మందు మొదలెట్టాల్సొచ్చింది, తక్కువ తిన్నవాటిలో అది 13 దాటాకే. ఇక్కడ నిజాయితీగా చెప్పాల్సింది ఒకటుంది, ఆ కుక్కలు రెండు నెలల వయసు నించీ కొలత మీద పెరిగాయి. తొమ్మిదేళ్ల దాకా దున్నలా తిని ఇప్పుడు తగ్గితే అదే 1.8 ఏళ్లు వస్తాయని ఎవరూ నిరూపించలేదు, నేను అంకుల్‌కి మాటివ్వనూ లేదు. మోకాలి నొప్పి తగ్గుతుంది అని మాత్రం రాసిస్తా అన్నాను.

ప్లాన్ ఇదీ. డాక్సీసైక్లిన్ 28 రోజులు, పిడుదులకి నెలనెలా నమిలే మాత్ర. ప్లేట్‌లెట్లు నిలబడ్డాక మత్తిచ్చి పళ్లు శుభ్రం చెయ్యడం, రెండు పళ్లు పీకెయ్యాలి. నొప్పికి మెలాక్సికామ్, రక్తం చూసుకుంటూ. లక్ష్యం 32 కిలోలు. తిండి లెక్క 32 కిలోల కుక్క ఊరికే పడుకుంటే ఖర్చయ్యేంత, బరువుని 0.75 ఘాతానికి లెక్కేసి 70తో గుణిస్తే రోజుకి 940 కిలోక్యాలరీలు వచ్చాయి. దాంట్లో చిరుతిళ్లు పదో వంతు దాటకూడదు. ఇంట్లో పెడుతున్నదేంటి అని అడిగితే డాగ్‌ఫుడ్ గింజలు పొద్దున రెండు కప్పులు, సాయంత్రం రెండు కప్పులు, కప్పు అంటే ఏ కప్పు అంటే ఆంటీ చేత్తో చూపించారు, అది కప్పు కాదు లోటా. వంటింటి కాటా ఒకటి కొనమన్నాను, గ్రాముల్లో తూచండి అని. ఆకలంటే సొరకాయ, బీన్స్ ఉడికించి కలపండి, ఉప్పు వద్దు, ఉల్లిపాయ అసలొద్దు. రైతుబజార్ పక్కనే కాబట్టి అంకుల్ సొరకాయల విషయంలో చాలా ఉత్సాహం చూపించారు. మారీ బిస్కెట్లు ఆపండి అంటే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఒక్కో బిస్కెట్ ఇరవై పైచిలుకు కిలోక్యాలరీలు, వాడు ఎనిమిది తింటున్నాడు.

జనవరిలో ప్లేట్‌లెట్లు 2 లక్షల 30 వేలకి వచ్చాయి. ఫిబ్రవరిలో పళ్లు చేశాం. బరువు మాత్రం జనవరిలో 41.9, ఫిబ్రవరిలో 41.8, మార్చి మధ్యలో 42.0.

వారానికి ఒక శాతం తగ్గినా ఈపాటికి 37 దగ్గర ఉండాలి. ఆంటీ తూచిన లెక్కలు నోట్‌బుక్‌లో తారీఖుల్తో సహా రాసి తెచ్చారు, ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. అప్పుడు నేను మనిషిని వదిలేసి హార్మోన్ మీద పడ్డాను. మా క్లినిక్ మెషీన్‌లో టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ చూస్తే తక్కువొచ్చింది. పెద్ద వయసు, లావు, లాబ్రడార్, టీ4 తక్కువ, ఇంకేం కావాలి, థైరాయిడ్ మాత్ర ప్యాడ్ మీద రాసేశాను కూడా. ఇదీ నా తప్పు. ఒక్క టీ4 చూసి థైరాయిడ్ అనకూడదని కాలేజీలో మాకు చెప్పే పాఠమే, వేరే జబ్బు చేసినా, చేసి తగ్గినా టీ4 పడిపోతుంది, ఇది మొన్నమొన్నే టిక్ ఫీవర్ నించి లేచిన కుక్క. రాత్రి ఇంటికెళ్లాక కొలెస్ట్రాల్ నార్మల్‌గా ఉన్న సంగతి గుర్తొచ్చింది, బొచ్చు కూడా బావుంది, పొద్దున్నే ఫోన్ చేసి మాత్ర మొదలెట్టొద్దని చెప్పి బయటి ల్యాబ్‌కి ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ పంపాను. రెండూ నార్మల్.

ఇంకో అనుమానం కూడా ఉంది. లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతు కుక్కలకి పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క ఎగిరిపోయి ఉంటుందని 2016లో కేంబ్రిడ్జ్ వాళ్లు చెప్పారు, అలాంటివాటికి ఆకలెక్కువ. 2024లో వాళ్లే ఇంకో మాట చెప్పారు, ఆ మార్పున్న కుక్కలు ఊరికే ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తి కూడా పావు వంతు దాకా తక్కువట. అంటే ఎక్కువ ఆకలి, తక్కువ ఖర్చు, ఓనర్‌ని తిట్టి లాభం లేదన్నమాట. బ్రూనోకి ఆ టెస్ట్ చేయించలేదు, చేయించినా నేను చేసేది మారదు. పైగా జన్యువు ఎలాంటిదైనా గాల్లోంచి బరువు రాదు, ఎక్కణ్నించో తిండి వెళ్తోంది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి వాళ్లింటికి వెళ్లాను. నాకు హోం విజిట్ ఫీజు తీసుకోడం మొహమాటం, అందుకే తక్కువ వెళ్తా, ఇక నించి లావు కేసులన్నిటికీ వెళ్లాలని అప్పుడే అనుకున్నా.

కాటా ప్లాట్‌ఫాం మీద ఉంది, బ్రూనో గిన్నె పక్కనే, అంతా నోట్‌బుక్‌లో ఉన్నట్టే. వెనక వరండాలో అంకుల్ వాళ్లమ్మగారు కూర్చున్నారు. టెక్కలి వైపు మనిషి, 84 ఏళ్లు, ఆవిడ సంగతి ఒక్కసారి కూడా ఎవరూ నాకు చెప్పలేదు, నేను కూడా "ఇంట్లో ఎంతమంది" అని అడగలేదు. స్టీలు ప్లేట్లో మూడిడ్లీలు. బ్రూనో కుర్చీ కింద. నాతో మాట్లాడుతూనే ఉన్నారు మామ్మగారు, ఏ ఊరు బాబూ మీది, పిల్లలెంతమంది, మాట్లాడుతుండగానే ఆవిడ ఎడం చెయ్యి ఇడ్లీ ముక్కతో సహా కుర్చీ పక్కనించి కిందకి వెళ్లింది. కిందకి చూడనే లేదు. వాడూ చప్పుడు చెయ్యలేదు, నాలిక తప్ప ఏదీ కదల్లేదు. చెయ్యి పైకొచ్చింది, చీర కొంగుకి తుడుచుకున్నారు, మళ్లీ ఇంకో ముక్క. నేను లెక్కపెట్టాను, మూడిడ్లీల్లో రెండున్నర కిందకే వెళ్లాయి.

ఆంటీ వచ్చి ఖాళీ ప్లేటు తీసుకుంటూ "అత్తయ్యగారు ఈమధ్య బాగా తింటున్నారండి" అన్నారు.

నేను వెంటనే ఏం మాట్లాడలేదు. మామ్మగారే నా మొహం చూసి కనిపెట్టేశారు, గొంతు తగ్గించి "ఆడు అలగ సూస్తుంటే నాకు ముద్ద దిగదు బాబూ" అన్నారు. ఇంకాసేపు కూర్చుంటే అసలు మాట వచ్చింది, ముద్ద దిగనిది కుక్క చూడ్డం వల్ల కాదు. కట్టుడు పళ్లు వదులైపోయి చిగుళ్లు కోసుకుపోతున్నాయి. చెప్తే కోడలు హాస్పిటళ్ల చుట్టూ తిరగాలని చెప్పలేదు. మధ్యాహ్నం పెరుగన్నం సగం, సాయంత్రం పాలల్లో ముంచిన బిస్కెట్లు, ఇదంతా కలిపి లెక్కేస్తే రోజుకి 500 కిలోక్యాలరీలు తగ్గవు, వాడి కోటాలో సగానికి పైన. మామ్మగారి జాకెట్టు భుజం మీద నించి జారిపోతోంది, నాకు కుక్కల బరువే తెలుసు గానీ ఆ జాకెట్టు ఎవరికైనా అర్థమవుతుంది.

అంకుల్‌తో గేటు దగ్గర చెప్పాను. ఆయన చాలాసేపు గేటు గడియ తీస్తూ వేస్తూ ఉన్నారు. "కుక్క పళ్లకి మత్తు డాక్టర్ని పెట్టించానండీ" అన్నారు, అంతే, లోపలికెళ్లిపోయారు. ఆ వారంలోనే ఆవిణ్ని చూపించారు, ఏడాదిలో ఏడు కిలోలు తగ్గారట, కొత్త సెట్టు కట్టించారు. బ్రూనో బరువు దిగకుండా ఆగిపోకపోయుంటే ఆ ప్లేటు ఎటు ఖాళీ అవుతోందో ఇంకెన్నాళ్లకి తెలిసేదో.

కుక్కకి పెట్టొద్దు అని మామ్మగారికి చెప్పడం దండగ, పెట్టడం ఆవిడకి పూట గడిచే పని. అందుకే ఆ పని తీసెయ్యకుండా మార్చాను. బ్రూనో రోజు కోటాలోంచే 20 గ్రాముల గింజలు చిన్న స్టీలు గిన్నెలో వేసి ఆవిడకివ్వాలి, ఒక్కో గింజే పెట్టుకోవచ్చు, ఎంతసేపైనా పెట్టుకోవచ్చు. షరతు ఒకటే, ఆవిడ ప్లేటు ఖాళీ అయ్యాకే గిన్నె చేతికి, తినేటప్పుడు బ్రూనో ముందు గదిలో. మొదటి వారం వాడు తలుపు గోకి పెయింట్ ఊడగొట్టాడు. నా ఇరవయ్యేళ్ల ప్రాక్టీస్‌లో నేను రాసిన అన్ని డైట్ చార్ట్‌ల్లోకీ ఈ గిన్నె బాగా పని చేసింది.

తర్వాత బరువులు: ఏప్రిల్ 41.6, జూన్ 39.3, సెప్టెంబర్ 36.2, డిసెంబర్ 33.9. పుస్తకాల్లో చెప్పే వేగం కన్నా నెమ్మదే. మే నెలలో ఎండకి బాగా వగర్చాడు, పెద్ద వయసు లాబ్‌లలో స్వరపేటిక పక్షవాతం వస్తుంది కాబట్టి భయపడ్డా గానీ అరుపు మారలేదు, శ్వాసలో గురక లేదు, నడక తెల్లవారుజామున ఐదింటికి మారిస్తే సర్దుకుంది. లాసన్స్ బే దాకా వెళ్లి వస్తున్నాడు, ముందైతే వీధి చివర స్తంభం దగ్గరే కూర్చుండిపోయేవాడు. సంక్రాంతికి వాళ్లమ్మాయి వచ్చింది, అరిసెలు, పది రోజుల్లో 700 గ్రాములు ఎక్కాడు. అది మార్చికల్లా దిగిపోయింది.

అమ్మాయి క్లినిక్‌కి కూడా వచ్చింది, తర్వాత ఫిబ్రవరిలో అక్కణ్నించి మెసేజ్ పెట్టింది, ఇప్పుడు లాయ్-002 అనే మాత్రకి కూడా అదే తరహా ఒప్పుకోలు వచ్చింది కదా, పదేళ్లు దాటిన కుక్కలకి, వీడికి పదేళ్లు దాటాయి కదా అని. నిజమే, 14 పౌన్లు అంటే 6.35 కిలోలు దాటిన ముసలి కుక్కలకని చేస్తున్నారు, 1,300 కుక్కల దాకా పెట్టి అమెరికా క్లినిక్‌లలో స్టే అనే ట్రయల్ నడుపుతున్నారు. మాత్ర వచ్చి, ఫలితాలు బయటపడి, ఇక్కడ దొరికితే నేనే మొదట రాస్తా, నాకు దాంతో గొడవేం లేదు. పెద్ద జాతులు చిన్నవాటికన్నా తొందరగా పోవడం రోజూ చూసేవాణ్ని, గ్రేట్ డేన్ ఎనిమిదేళ్లకి పోతుంటే పక్కనే పామరేనియన్ పదిహేనేళ్లు మొరుగుతూ ఉంటుంది. ఆ తేడా వెనక ఒంటి పెరుగుదలని నడిపే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ ఉందని ఒక వాదన, లాయ్-001 పట్టుకున్నది ఆ దారినే. అది నిజమని తేలితే నాకన్నా సంతోషించేవాడు ఉండడు.

2025 జూన్‌లో బ్రూనో 32.4 కిలోలు, 9లో 5. నడకలో కుంటు కనపడట్లేదు. కానీ క్రియాటినిన్ 1.5 వచ్చింది, రెండు వారాలాగి మళ్లీ చేస్తే అంతే, యూరిన్ కూడా పలచగా 1.018. కిడ్నీ జబ్బు రెండో స్టేజి మొదలు. బరువు తగ్గితే కండ కొంత తగ్గి క్రియాటినిన్ తక్కువగా కనపడాలి, అలాంటిది పెరిగిందంటే లెక్క ఇంకా గట్టిది. కిడ్నీల మీద భారం కాబట్టి మెలాక్సికామ్ ఆపేశాను, తిండి కిడ్నీ డైట్‌కి నెమ్మదిగా మారుస్తున్నాం, మూడు నెలలకోసారి రక్తం, బీపీ. అంకుల్ కొంచెం డీలా పడ్డారు, "ఇంత చేసినా వచ్చిందా" అన్నారు. వచ్చింది. సన్నబడ్డ కుక్కకి పదిన్నర ఏళ్లు రాకుండా ఆగవు, కానీ 42 కిలోల మోకాళ్లతో ఈ రిపోర్ట్ వచ్చుంటే మెలాక్సికామ్ ఆపే దారే నాకుండేది కాదు.

ఆ సిరోలిమస్ స్ట్రిప్ నా డ్రాయర్‌లోనే ఎక్స్‌పైరీ అయిపోయింది, మొన్న మందుల చెత్త డబ్బాలో వేశాను. కొత్త డైట్ గ్రాములు చెప్పడానికి నిన్న ఫోన్ చేస్తే ఆంటీ రాసుకుంటుండగా మధ్యలో మామ్మగారు ఫోన్ లాక్కున్నారు. గిన్నెలో 20 అంటే ఏటి బాబూ, ఆరు గింజలకే అయిపోతోంది, 30 సెయ్యకూడదా అని. 25 చేశాను, పొద్దుటి కొలతలోంచి ఒక 5 తీసి.